మా తిండి ముచ్చట్లు – 9: అవగాహన లేనిది ఎవరికి?

మొన్న స్టాఫ్‌రూంలో, నా రెండేళ్ల బిడ్డకి ఇంట్లో చేసే పొడి గురించి మాటొచ్చింది. ఒక సహోద్యోగి అన్నారు: "మీరు చదువుకున్నారు కాబట్టి చేస్తున్నారు మేడం. మీ వాళ్లలో తల్లులకు అవగాహన ఉండదు కదా."

అవగాహనంట!

ఆ పొడి నాకు యూట్యూబ్ నేర్పలేదు. కోసిగిలో మా అవ్వ నేర్పింది. వేలిముద్ర మనిషి. సద్దలు దోరగా వేయించి, బుడ్డలు వేయించి పొట్టు ఊది, పుట్నాలు వేసి రోట్లో దంచి, బెల్లం కలిపేది. పలుకు మిగిలితే బిడ్డ గొంతుకు అడ్డం పడుతుందని రెండుసార్లు జల్లించేది. ఆ బుడ్డలు కొన్నవి కావు. ఆసామి చేన్లో కాయ పీకినాక మట్టిలో మిగిలినవి ఏరుకొచ్చినవి.

మేం తిన్నన్నాళ్లు సద్దలు కూలోళ్ల తిండి. ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరం అన్నాక అవే 'హెల్త్ మిక్స్'. మరి గుడ్డు? 2021 చివర్లో మా పక్కనే రాయచూరు, యాదగిరి బడుల్లో గుడ్డు పెడితే మఠాలు వద్దన్నాయి. ఏది మంచి తిండో పోషకాలు చెప్పట్లేదు, కులం చెబుతోంది.

ఇప్పుడు అసలు సంగతి. మా ఊర్ల తల్లులు సుగ్గికి పోతారు. గుంటూరు మిరప చేలల్లో, పట్టాల గుడిసెల్లో నెలలు గడుపుతారు. బడి పిల్లలకు సీజనల్ హాస్టళ్లన్నా ఉన్నాయి. రెండేళ్ల బిడ్డ తల్లి చంకనే పోతుంది. బిడ్డ పేరు మాత్రం ఊరి అంగన్‌వాడీ రిజిస్టర్‌లో ఉంటుంది. ఎర్రటి ఎండలో కాయ కోసే తల్లి ఏ రోట్లో దంచాలి? ఏ పొయ్యి మీద వేయించాలి?

2013 ఆహార భద్రత చట్టం ఆరు నెలల నుంచి మూడేళ్ల బిడ్డకు రోజుకు 500 కేలరీలు, 12–15 గ్రాముల ప్రోటీన్ ఉచితంగా ఇవ్వాలంది. అది బిడ్డ హక్కు. బిడ్డ ఎక్కడుంటే హక్కు అక్కడికి రావాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 31 మంది వయసుకు తగ్గ ఎత్తు ఎదగలేదు. ఇది తల్లుల తెలివితక్కువతనమా?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! వాడలకు వంటల కరపత్రాలు పట్టుకుపోకండి. మిరప చేల దగ్గర అంగన్‌వాడీ ఎక్కడుందో అధికారుల్ని అడగండి. పని చోట పసిబిడ్డని ఎవరు చూస్తున్నారో అడగండి. ఊర్లోనే పని, గిట్టుబాటు కూలి ఎందుకు లేవో అడగండి.

పొడి ఎట్ల చేయాలో మా అవ్వలకు తెలుసు. వాళ్లకు లేనిది చేను, కూలి, తీరిక.

జై భీమ్.