జూదరి ముఖము

పోకర్ అనే పేకాటలో ఎదుటివాని ముక్కలు కనబడవు. ముఖం మాత్రం కనబడుతుంది. కనబడే దానినిబట్టి కనబడని దానిని ఊహించడం మానవస్వభావం. అందుచేతనే అమెరికాలో పెరిగి పెద్దదైన ఆ ఆటనుండి 'పోకర్ ముఖము' అనే పలుకుబడి బయలుదేరి, జన్మలో పేకముక్క తాకని వారి నోట కూడా నలుగుతున్నది. లోపలి భావాన్ని బయటికి పొక్కనీయని వానికి అది బిరుదు. ఆ బిరుదు వెనుక ఒక గట్టి నమ్మకం ఉన్నది. ముఖం మనస్సుకు తెరచిన కిటికీ అనీ, చూపు నేర్చినవాడు ఆ కిటికీలోనుంచి లోపలి గుట్టు చూడగలడనీ లోకం నమ్ముతున్నది. ఈ నమ్మకాన్ని పరీక్షింపక అంగీకరించడం పేకబల్ల దగ్గర ధననష్టంతో పోతుంది. బల్ల దాటి వచ్చినప్పుడు అంతతో పోదు.

2003 మే మాసంలో లాస్ వేగస్ నగరంలో జరిగిన ప్రపంచ పోటీ తుదిఘట్టంలో ఇద్దరు మిగిలినారు. ఒకడు శామ్ ఫర్హా, ఆటలో ఆరితేరినవాడు. రెండవవాడు క్రిస్ మనీమేకర్ అనే గణకుడు. అంతర్జాలంలో చిన్న పందెంతో ఆడి ఆ పోటీకి అర్హత సంపాదించినవాడు. ఒకానొక పంపకంలో మనీమేకర్ ఆశించిన ముక్క రాలేదు. చేతిలో చెప్పుకోదగిన జత ఏదీ లేదు. అయినా తనవద్దనున్న బిళ్ళలన్నీ పందెంలోనికి తోసినాడు. ఫర్హా చేతిలో తొమ్మిదుల జత ఉన్నది; బల్లమీది ముక్కలలో అంతకుమించినది లేదు. అతడు ఆలోచించినాడు, మాట కలిపి చూచినాడు, నల్లకళ్ళద్దాల చాటున ఉన్న ఆ ముఖాన్ని చూచినాడు. చివరకు ముక్కలు పారవేసినాడు. ఆనాటి విజేత బహుమానం 25 లక్షల డాలర్లు. ముఖం చదవడంలో అనుభవమే ప్రమాణమైతే అనుభవం ఫర్హా పక్షాన ఉన్నది.

ముఖశాస్త్రం నిరాధారమని దీని అర్థం కాదు. 1862లో ఫ్రెంచి వైద్యుడు దుషెన్ ముఖకండరాలను విద్యుత్తుతో కదలించి, నిజమైన నవ్వులో పెదవులతోబాటు కంటి చుట్టూ ఉన్న కండరం కూడా ముడుచుకొంటుందని చూపినాడు. 1872లో డార్విన్ మానవులలోను, జంతువులలోను భావప్రకటనను గూర్చి గ్రంథమే వ్రాసినాడు. ఆ తరువాత పాల్ ఎక్మన్ పాపువా న్యూగినీ కొండజాతివారికి ఛాయాచిత్రాలు చూపి, కొన్ని భావాలు సర్వమానవ సామాన్యాలని వాదించినాడు. 1978లో ఫ్రీసెన్‌తో కలిసి ముఖంలోని ప్రతి కదలికకు అంకె వేసి పట్టిక కట్టినాడు. దాచిన భావం క్షణంలో ఒక చిన్న భాగం సేపు ముఖంమీద మెరసి మాయమవుతుందన్న అతని సిద్ధాంతమే జూదరులకు ఆశ కల్పించినది. ఆ మెరపు పట్టుకొంటే చాలు, ముక్క తెలిసిపోయినట్లే అనుకొన్నారు.

ఇక్కడనే పొరపాటు జరుగుతున్నది. మెరసినది భయమే అనుకొందాము. భయపడినవాని ముక్కలు చెడ్డవని ఎవరు చెప్పినారు? మంచి ముక్కలు పడినవానికి కూడా, ఎదుటివాడు పందెం విడిచి వెళ్ళిపోతాడేమోనని భయం ఉంటుంది. భావం తెలిసినంతమాత్రాన కారణం తెలియదు.

ఈ సంగతి మన ఆలంకారికులకు కొత్తది కాదు. భరతుడు రసనిష్పత్తికి అనుభావ మొక్కటే చాలునని అనలేదు; విభావం కావాలన్నాడు, వ్యభిచారిభావాలు కావాలన్నాడు. రంగస్థలంమీద నటి కన్నీరు పెట్టినప్పుడు ఆ కన్నీరు విరహంవలన వచ్చినదో, ఆనందంవలన వచ్చినదో ప్రేక్షకుడు తెలుసుకొనడానికి కథ తోడ్పడుతున్నది. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ కనుబొమ ముడి అందరికీ అర్థమవుతున్నదంటే, కృష్ణునితో ఆమెకు వచ్చిన పేచీ అందరికీ ముందే తెలుసును గనుక. పేకబల్ల వద్ద విభావమే బోర్లించి ఉన్న ముక్క. అదే తెలిస్తే ముఖం చూడవలసిన పని ఏమున్నది?

భరతుడు చెప్పిన సాత్త్వికభావాలు ఎనిమిదింటిని కూడా జూదరులు వదలలేదు. స్తంభము, స్వేదము, రోమాంచము, స్వరభేదము, వేపథువు, వైవర్ణ్యము, అశ్రువు, ప్రళయము - వీనిని పరధ్యానంలో ఉన్నవాడు అభినయింపజాలడని నాట్యశాస్త్రం. నేటి వైద్యులు వీనిలో పెక్కింటిని మన ఇచ్ఛకు లొంగని నాడీమండలానికి అంటగడతారు. కనుక ముఖం అబద్ధమాడినా వణకు అబద్ధమాడదని వాదింపవచ్చును. కాని పందెపు సంజ్ఞలను గూర్చి 1984లో పెద్ద పుస్తకం ప్రకటించిన మైక్ కారో చెప్పినది వినదగినది. పందెం వేసేవాని చేయి అకస్మాత్తుగా వణికితే కొత్తవాడు అది బుకాయింపు అనుకొంటాడట. అనుభవంలో చాలాసార్లు అది గొప్ప ముక్కలు పడి, పట్టుసడలిన గుండె వణకట. వేపథువు నిజమే, దాని అర్థమే తలక్రిందులు. ఇక బుద్ధిపూర్వకంగా నటించేవారిని గూర్చి కారో సూత్రం ఇంకా సులభం: బలహీనుడు బలవంతుడుగా, బలవంతుడు బలహీనుడుగా నటిస్తాడు. నిట్టూర్చి, భుజాలెగురవేసి పందెం పెంచేవానిని చూస్తే జాగ్రత్త పడవలె. ఇది నాటకం చదవడం. మనస్సు చదవడం కాదు.

2013లో మైకేల్ స్లెపియన్, కీర్తిశేషురాలు నలినీ అంబాడీ మొదలైన మనస్తత్వశాస్త్రజ్ఞులు ఈ విషయాన్ని పరీక్షకు పెట్టినారు. 2009 ప్రపంచ పోటీలో ఆరితేరిన ఆటగాండ్రు పందెం వేస్తున్న దృశ్యాలను విద్యార్థులకు చూపి, ముక్కలు ఎంత మంచివో ఊహించుమన్నారు. కొందరికి ముఖం మాత్రమే చూపినారు. కొందరికి బిళ్ళలను ముందుకు తోసే చేతులు మాత్రమే చూపినారు. చేతులు చూచినవారి ఊహలు యాదృచ్ఛికంకంటె మెరుగుగా ఫలించినవి. ముఖం చూచినవారివి బొమ్మా బొరుసూ వేసినదానికంటె కూడా తీసికట్టుగా పోయినవి! వెరచే చేయికంటె నమ్మకమున్న చేయి తడబాటు లేకుండా కదులుతుందని వారి వివరణ. ముఖాన్ని కాపలా కాచినవాడు చేతిని మరచిపోయినాడన్నమాట.

ముఖం ఏమీ చెప్పకపోవడమే కాక, చూచేవానిని చెడగొట్టడం కూడా ఉన్నది. 2010లో ప్రకటితమైన మరొక పరిశోధనలో ప్రత్యర్థి ఆటతీరు మార్చక ముఖచిత్రాలను మాత్రం మార్చినారు. నమ్మదగినట్లు కనబడే ముఖం ఎదురైనప్పుడు ఆడేవారు ఎక్కువ తప్పులు చేసి, విడువకూడని పందేలు విడిచినారు. పుట్టుకతో వచ్చిన ముఖకవళికకు, పంపకంలో వచ్చిన ముక్కకు ఏమి సంబంధం?

ఒథెల్లో నాటకం చూచినవారికి ఈ ప్రమాదం ఎంతవరకు పోగలదో తెలుసును. కాసియో మరణించినాడని విన్న డెస్డిమోనా ముఖంలో భయం, దుఃఖం కనబడినవి. ఒథెల్లో వానిని సరిగానే చూచినాడు; అపరాధానికి సాక్ష్యమని తీర్పు చెప్పినాడు. ఈ తప్పుకు 'ఒథెల్లో దోషము' అని పేరు పెట్టి హెచ్చరించినవాడు ఎక్మనే కావడం గమనింపదగినది. అయినా అతని బోధల ఛాయలోనే అమెరికా విమానాశ్రయాలలో ప్రయాణికుల ముఖచేష్టలను పరికించి అనుమానితులను ఏరే పద్ధతి ఏర్పడినది. 2007 నుండి దానికి ఇంచుమించు 90 కోట్ల డాలర్లు వ్యయమైనవనీ, అది పనిచేస్తుందనడానికి ఆధారం చాలదనీ ఆ ప్రభుత్వపు లెక్కలు తనిఖీ చేసే సంస్థయే 2013లో నివేదించినది. భయపడే ప్రయాణికుడు విమానమంటేనే భయపడుతున్నాడేమో! ఇప్పుడు అదే పనిని యంత్రాలకు అప్పగింపవచ్చునని వ్యాపారులు బయలుదేరినారు. పని చేసే చోట్లను, విద్యాలయాలలోను ముఖంనుండి భావం లాగే యంత్రాలను, వైద్యావసరాలకు, భద్రతకు తప్ప, నిషేధిస్తూ ఐరోపా సమాఖ్య 2024లో శాసనం చేసినది. నిరుద్యోగి ముఖంలోని బెదురును యంత్రం అసమర్థత అని వ్రాసుకొంటే అతడు ఎవరితో మొరపెట్టుకొంటాడు? జూదరికైతే ముక్కలు తిప్పి చూపే అవకాశమైనా ఉన్నది.

2017 జనవరిలో పిట్స్‌బర్గ్ నగరంలో నలుగురు మేటి ఆటగాండ్రు లిబ్రేటస్ అనే గణనయంత్రంతో ఇరవై రోజులపాటు తలపడినారు. 1,20,000 పంపకాలు జరిగినవి. ఆ యంత్రానికి కన్నులు లేవు, ఎదుటివాని ముఖం ఎట్లుంటుందో దానికి తెలియదు. పందెం ఎంత, ఎప్పుడు, ఏ ముక్కల తరువాత వేసినారన్నదే దానికి తెలిసిన లోకం. బుకాయించినది, బుకాయింపులను పట్టుకొన్నది, నలుగురిని ఓడించినది. సాయంకాలాలు ఆటగాండ్రు ఒకచోట చేరి దాని ఆటలో లొసుగులు వెదకేవారు. రాత్రివేళ అది వారు కనిపెట్టిన లొసుగులను పూడ్చుకొనేది.