ఇంటికొచ్చే ఫిజియో ఎప్పుడు ఆగాలి?

మోకీలు మార్పిడి చేయించుకున్న పెద్దావిడ విజయవాడలో ఉంటుంది. డబ్బు కట్టే కొడుకు డాలస్‌లో ఉంటాడు. ముప్ఫై సెషన్ల ప్యాకేజీ ఆన్‌లైన్‌లోనే కొనేస్తాడు. రోజూ ఫిజియో వస్తాడు, అరగంట కరెంటు పెడతాడు, కాలు నాలుగుసార్లు వంచి వెళ్తాడు. ముప్ఫై పూర్తయ్యాక మరో ముప్ఫై. ఆవిడ ఎవరి సాయమూ లేకుండా బాత్రూముకు వెళ్లగలుగుతోందా అన్న ప్రశ్న మాత్రం ఎవరికీ తట్టదు.

ఇలాంటి ఇళ్లను చూసి ఇంటి వైద్యమే దండగ అనుకుంటే పొరపాటు. సిడ్నీలో మోకీలు మార్పిడి జరిగిన 165 మందితో చేసిన అధ్యయనం 2017లో వెలువడింది. ముందు పది రోజులు ఆసుపత్రిలో ఉంచి వ్యాయామాలు చేయించినవాళ్లూ, నేరుగా ఇంటికి పంపి చేయించినవాళ్లూ ఆరు నెలలకు దాదాపు ఒకేలా నడిచారు. అమెరికాలో 408 మంది పక్షవాత రోగుల మీద జరిగిన అధ్యయనం 2011లో వచ్చింది. ఖరీదైన ట్రెడ్‌మిల్ శిక్షణకు ఇంట్లో ఫిజియో చేయించిన వ్యాయామాలు తీసిపోలేదని అందులో తేలింది.

ఇంట్లో ఉండే వసతి వేరు. గడప ఎంత ఎత్తుందో, బాత్రూములో పట్టుకోవడానికి ఏముందో, మంచం మీంచి లేచేటప్పుడు కాలు ఎక్కడ ఆనుతుందో ఫిజియోకి కళ్లెదుటే కనిపిస్తుంది. అవేవీ చూడకుండా మిషను తగిలించి ఫోను చూసుకుంటూ కూర్చునేదానికి ఇంటిదాకా రావడమెందుకు? పైగా నడుం నొప్పికి టెన్స్, ఐఎఫ్‌టీ అనే కరెంటు చికిత్సలు, అల్ట్రాసౌండ్ వాడవద్దని బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు నిర్ణయించే నైస్ సంస్థ 2016లోనే చెప్పేసింది. మన దగ్గర మాత్రం కరెంటు పెట్టకపోతే వైద్యం జరిగినట్టే ఉండదు. ఇందులో రోగుల వాటా కూడా ఉంది. చెమట పట్టించే ఫిజియో కంటే పడుకోబెట్టే ఫిజియోనే మంచివాడంటారు.

ముసలివాళ్లు కిందపడకుండా న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయంలో రూపొందిన పద్ధతి దీనికి పూర్తిగా భిన్నం. 80 ఏళ్లు దాటిన మహిళలతో వాళ్ల ఇళ్లలోనే దాన్ని పరీక్షించారు. ఫిజియో మొదటి రెండు నెలల్లో వెళ్లింది నాలుగుసార్లే. చీలమండకు బరువు కట్టుకుని కాలు ఎత్తడం, ఒంటికాలి మీద నిలబడటం లాంటివి నేర్పారు. ఆపైన వారానికి మూడుసార్లు వాళ్లే చేసుకున్నారు, ఫిజియో ఫోన్‌లో కనుక్కుంటూ ఉన్నారు. కిందపడటం మూడో వంతు తగ్గింది.

అలాగని ఇంటివాళ్లకు అప్పజెప్పి చేతులు దులుపుకుంటే కుదరదు. మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1,250 మంది పక్షవాత రోగులతో అటెండ్ అనే అధ్యయనం జరిగింది. రోగి చేత వ్యాయామాలు చేయించడం కుటుంబసభ్యులకే నేర్పి చూశారు. 2017లో ఫలితాలు వచ్చాయి. ఆరు నెలలకు ఆ శిక్షణ ఉన్నవాళ్లలోనూ లేనివాళ్లలోనూ నూటికి 47 మంది చనిపోవడమో, ఇతరుల మీద ఆధారపడి బతకడమో జరిగింది. తేడా లేదు. చదువుకున్న చేయి అవసరమే. అయితే ఆ చేయి ఎన్నాళ్లు, దేనికోసం అన్నది మొదటి రోజే కాగితం మీద ఉండాలి. మోకాలు ఇవాళ ఎన్ని డిగ్రీలు వంగుతోంది, 30 సెకన్లలో చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలుగుతున్నారు, వచ్చే వారానికి ఎంత కావాలి? రాసివ్వలేనివాళ్ల దగ్గర ప్యాకేజీ కొనకూడదు.

ఇళ్లకొచ్చే జిమ్ ట్రైనర్ల సంగతి మరీ గందరగోళం. 2021లో వచ్చిన జాతీయ చట్టం ఫిజియోలు రిజిస్టర్‌లో ఉండాలంది. ట్రైనర్లకు అలాంటిదేమీ లేదు. ఆరోగ్యంగా ఉన్న నలభై ఏళ్ల మనిషికి స్క్వాట్లు నేర్పితే మంచిదే. ఆపరేషన్ కుట్లు ఊడదీసిన పక్షానికే మోకాలికి బరువులు కట్టేవాణ్ని గుమ్మం దగ్గరే ఆపాలి.

ఒక్కో విజిట్‌కు వందలకు వందలు పోయలేని ఇళ్ల మాట ఎవరూ ఎత్తడం లేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. అక్కడికి ఫిజియోలు వస్తారు. బడికి రాలేని పిల్లల ఇళ్లకు టీచర్లే వెళ్తారు. పెద్దలకూ ఆ దారి తెరవొచ్చు. ముప్ఫై విజిట్ల లెక్కన ఏ ప్రభుత్వమూ భరించలేదు. కాలు విరిగి లేచిన ముసలివాళ్ల దగ్గరికి నాలుగుసార్లు వెళ్లి నేర్పి, ఆపైన ఫోన్‌లో కనుక్కునే లెక్కనైతే మండలానికి ఒక ఫిజియో చాలా ఇళ్లు తిరగొచ్చు.