కళ్లజోడు కూడా హాస్టల్ సామానే

బోర్డు మీద అక్షరాలు కనిపించని పిల్లవాడు ఆ సంగతి ఎవరికీ చెప్పడు. దాచాలని కాదు. కొన్నేళ్లుగా వాడికి లోకం అలాగే కనిపిస్తోంది, అందరికీ అంతే కాబోలు అనుకుంటాడు. పక్కవాడి నోటుబుక్కు చూసి రాసుకుంటాడు. మాష్టారు లేపి అడిగితే నీళ్లు నములుతాడు. కొన్నాళ్లకు వాడికి మొద్దు అని పేరు పడిపోతుంది. ఆ పేరు పడ్డ పిల్లడు పదో తరగతి దాకా నిలవడం కష్టం.

ఇంటి దగ్గర చదివే పిల్లడైతే పుస్తకం మొహానికి ఆనించి చదువుతున్నాడనో, తల పక్కకు వాల్చి చూస్తున్నాడనో అమ్మ కనిపెడుతుంది. మన హాస్టల్ పిల్లల్లో చాలామందికి ఆ అమ్మా నాన్నా ఊళ్లోనే ఉండరు. చీపురుపల్లి స్టేషనులో రైలెక్కి హైదరాబాదుకో చెన్నైకో కట్టుబడి పనులకు పోతారు. అంతమంది పిల్లల కళ్లను ఒక్క వార్డెన్ గారు కనిపెట్టాలంటే అయ్యే పని కాదు. అందుకే ఈ హాస్టల్లో తిని, చదివి, పెరిగి వెళ్లిన మేము ఈ సంచిక ద్వారా ఒక మాట గట్టిగా చెప్పదలచుకున్నాం. ట్రంకు పెట్టె, దుప్పటి, నోటు పుస్తకాల లాగే కంటిపరీక్ష, కావలసినవాడికి కళ్లజోడు కూడా హాస్టల్లో చేరిన నాడే అందవలసిన సామాను.

ఇదేమంత పెద్ద సమస్యా అనేవారికి ఒక లెక్క. మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లో 7 నుంచి 15 ఏళ్ల పిల్లలను నాలుగు వేల మందికి పైగా పరీక్షించి, ఫలితాలను 2002లో ప్రచురించారు. చూపు తగ్గిన కళ్లలో 61 శాతానికి కారణం దృష్టిదోషమే. అంటే ఆపరేషను అక్కర్లేదు, మందు అక్కర్లేదు, సరైన అద్దం పెడితే చాలు. ఇంత తేలిక వైద్యం జ్వరానికి కూడా లేదేమో! చైనా పల్లెటూరి బడుల్లో పిల్లలకు కళ్లజోళ్లు ఉచితంగా ఇచ్చి చూస్తే లెక్కల్లో మార్కులు పెరిగాయని 2014లో మరో పరిశోధన తేల్చింది. మార్కుల కోసం స్టడీ అవర్లు పెంచే పెద్దలు ఈ సంగతి ఆలోచించాలి.

హ్రస్వదృష్టికి పుటాకార కటకం వాడాలని పదో తరగతి తమ్ముళ్లు బొమ్మతో సహా బట్టీ పట్టేస్తారు. అదే బెంచీలో కళ్లు చికిలించి బోర్డు చూసేవాడికి ఆ కటకం కావాలని మాత్రం ఎవరికీ తట్టదు.

అన్నిటికన్నా మాకు భయం కలిగించేది బద్ధక కన్ను. ఒక కన్ను బాగా కనిపించి, రెండోది మసకగా ఉంటే మెదడు బాగున్న కంటినే నమ్ముకుంటుంది, రెండోదాన్ని వదిలేస్తుంది. పిల్లవాడు హాయిగా తిరుగుతాడు, ఆడతాడు, చదువుతాడు కూడా. తనకు ఒక కన్ను సరిగా పనిచేయడం లేదని వాడికే తెలియదు. మెల్లకన్ను ఉన్నవాళ్లలోనూ ఇది వస్తుంది. మెల్ల అదృష్టం అని ఇంట్లో మురిసిపోతారు! మంచి కన్ను మూసి రెండోదానికి పని చెప్పే చికిత్స ఏడెనిమిదేళ్ల లోపు బాగా పనిచేస్తుంది, వయసు పెరిగేకొద్దీ ఫలితం తగ్గుతుంది. మన హాస్టల్లో చేరేది మూడో తరగతిలో. అంటే ఆ పిల్లడికి మిగిలిన గడువు చాలా కొద్ది. అందుకే పరీక్ష రెండు కళ్లకూ కలిపి కాదు, ఒక్కో కన్ను మూసి చేయాలి.

ప్రభుత్వం ఏమీ చేయలేదని మేము అనం. 2019 అక్టోబరు 10న మొదలైన కంటి వెలుగు తొలి విడతలో రాష్ట్రంలో సుమారు 70 లక్షల మంది బడిపిల్లలకు పరీక్షలు తలపెట్టారు. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉంది. అయితే చిక్కు ఇంకోచోట ఉంది. పరీక్ష బడిలో జరుగుతుంది, చీటీ పిల్లవాడి చేతికిస్తారు. ఇంటికి తీసుకెళ్లి చూపించమంటారు. ఇల్లు హైదరాబాదులో రేకుల షెడ్డులో ఉంటే వాడెవరికి చూపించాలి? చీటీ చొక్కా జేబులో ఉతుక్కుపోతుంది. కనుక ఆ చీటీ నకలు వార్డెన్ గారికి చేరాలి, హాస్టల్ రిజిస్టరులో ఎక్కాలి.

జోడు వచ్చినా అది ముక్కు మీద నిలవాలి కదా. సోడాబుడ్డి, నాలుగు కళ్లోడు అని ఏడిపిస్తే ఏ పిల్లడైనా పెట్టెలో పడేస్తాడు. బాలికల హాస్టళ్లలో చెల్లెళ్లకైతే పెళ్లి సంబంధాల బెదిరింపు ఒకటి. అద్దాలు పెడితే సైటు పెరుగుతుందన్న మాట కూడా అబద్ధం. సీనియర్లు ఏడిపించడం మానితే సగం పని అయినట్టే.

కళ్లకలక గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 2023లో రాష్ట్రమంతా చూసింది. ఎవరి తువ్వాలు వారిదే, కంట్లో పసర్లు పోయవద్దు. చీకటి పడితే తడుముకునే పిల్లడుంటే రేచీకటేమోనని వెంటనే డాక్టరు గారికి చూపించండి. గుడ్డు, ములగాకు, తోటకూర పక్కకు నెట్టేవాళ్లకు కూడా ఇది చెప్పండి.

పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు ఒక మనవి. ప్రతి వార్షికోత్సవానికీ ఎవరో ఒకరు ఫ్యాను ఇచ్చి రెక్కల మీద పేరు రాయిస్తున్నారు. ఫ్యాన్లు చాలినన్ని ఉన్నాయి. ఫుట్‌బాల్ తగిలి విరిగిన జోడుకు మళ్లీ ఫ్రేము వేయించడానికి, విశాఖలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రికి పిల్లవాడినీ తోడు ఒకరినీ పంపడానికి బస్సు చార్జీలకు డబ్బు కావాలి. దాని మీద పేరు రాసుకోవడానికి చోటు ఉండదు, అంతే తేడా.

కంటి చార్టు ఖరీదు ఎంతో కాదు, అది మేము తెస్తాం. జూన్‌లో చేరికలప్పుడు ఆరు మీటర్ల దూరంలో గీత గీసి, ఒక్కొక్కరినీ నిలబెట్టి, ఇంటరు చదివే తమ్ముళ్లు ఇద్దరు కూర్చుంటే ఒక ఆదివారంతో అయిపోతుంది. చదవలేనివాళ్ల పేర్లు రాసి వార్డెన్ గారికివ్వాలి. హాలు పొడవు చాలకపోతే వరండా ఉంది.