బరువు తగ్గాలంటే ఏ స్మార్ట్‌వాచ్ కొనాలి? ముందు మీ ఫోన్ సంగతి చూడండి!

"బరువు తగ్గాలనుకుంటున్నా, ఏ స్మార్ట్‌వాచ్ బాగుంటుంది?" గ్యాడ్జెట్‌ల గురించి రాసే ఎవరికైనా తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది. కొత్త సంవత్సరం వచ్చినా, పండగ సేల్ వచ్చినా ఈ ప్రశ్న తప్పదు. సూటిగా చెప్పేస్తా. 2 వేల రూపాయల బ్యాండ్ అయినా, 40 వేల వాచ్ అయినా చిరుతిళ్లను ఆపలేదు. వాచ్ ఉండేది ఎడమ చేతికి. జంతికల డబ్బాలోకి వెళ్లేది కుడి చెయ్యి!

నేనూ బరువు తగ్గాలని చూస్తున్నవాడినే. పొద్దున నడవడం, మధ్యాహ్నం అన్నం తగ్గించడం నాకు పెద్ద కష్టం కాదు. గండమంతా రాత్రి తొమ్మిదిన్నర దాటాకే. అది ఆకలి కాదు, నోరు ఊరుకోదు, అంతే. చాలామందిది ఇదే కథ. దీన్ని మనవాళ్లు "వాడికి కంట్రోల్ లేదు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఈ మాట దగ్గరే నాకు పేచీ. తప్పు మనసులో ఉందనుకుంటే ఏడాదికో కొత్త గ్యాడ్జెట్ కొని, ఏడాదికోసారి మనల్ని మనమే తిట్టుకుంటూ ఉంటాం.

వాచ్ చూపించే క్యాలరీలు ఎంతవరకు నిజం?

2017లో స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీ పరిశోధకులు చేతికి పెట్టుకునే 7 ఫిట్‌నెస్ డివైజ్‌లను పరీక్షించారు. గుండె వేగం విషయంలో ఆరు డివైజ్‌లు 5 శాతం లోపు తేడాతో బాగానే చూపించాయి. ఖర్చయిన క్యాలరీల దగ్గరకు వచ్చేసరికి మాత్రం అన్నింటికంటే మెరుగైనదానిలోనే 27 శాతం తేడా వచ్చింది. అన్నింటికంటే చెత్తదానిలో అయితే 93 శాతం! అవి పాత మోడళ్లే, నిజమే. కానీ ఇప్పటి వాచ్‌లు కూడా మీ వయసు, బరువు, గుండె వేగం, కదలికలు చూసి వేసే అంచనానే చూపిస్తాయి. అది కొలత కాదు.

పోనీ ఆ లెక్క కరెక్టే అనుకుందాం. 70 కిలోల మనిషి గంటకు 5 కిలోమీటర్ల వేగంతో గంటసేపు నడిస్తే సుమారు 250 క్యాలరీలు ఖర్చవుతాయి. ఇప్పుడు మీ ఇంట్లో ఉన్న మిక్చర్ ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడండి. 100 గ్రాములకు మామూలుగా 500 క్యాలరీలకు పైనే ఉంటుంది. అంటే 50 గ్రాములు తింటే గంట నడక గల్లంతు. టీవీ చూస్తూ ఉంటే ఆ 50 గ్రాములకు ఐదు నిమిషాలు చాలు. పైగా "ఈరోజు టార్గెట్ పూర్తయింది" అని వాచ్ మెచ్చుకుందంటే, రెండు మిర్చి బజ్జీలకు పర్మిషన్ దొరికినట్టే అనిపిస్తుంది.

అమెరికాలో పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ వాళ్లు 471 మందితో రెండేళ్లు నడిపిన ఒక ట్రయల్ ఫలితాలు 2016లో వచ్చాయి. అందరికీ తిండి, వ్యాయామం గురించి ఒకేలా సలహాలిచ్చారు. ఆరు నెలల తర్వాత ఒక గుంపు చేతికి ట్రాకర్ కట్టారు. చివరికి ట్రాకర్ ఉన్నవాళ్లు సగటున 3.5 కిలోలు తగ్గితే, లేనివాళ్లు 5.9 కిలోలు తగ్గారు. దీన్నిబట్టి ట్రాకర్లు దండగ అనడం లేదు. చాలా పరిశోధనలను కలిపి చూసి 2022లో లాన్సెట్ డిజిటల్ హెల్త్ పత్రికలో వచ్చిన సమీక్ష ప్రకారం, ట్రాకర్ వల్ల రోజుకు దాదాపు 1,800 అడుగులు ఎక్కువ నడుస్తారు. బరువు మాత్రం ఒక కిలో దాకా తగ్గుతుంది. అంటే నడిపించడంలో వాచ్ పాస్. తిండి దగ్గర దాని మీద అంత ఆశ పెట్టుకోవద్దు.

విల్‌పవర్ కాదు, దూరం ముఖ్యం

మార్ష్‌మాలో టెస్ట్ గురించి మీరు వినే ఉంటారు. వాల్టర్ మిషెల్ అనే సైకాలజిస్ట్ స్టాన్‌ఫోర్డ్‌లో 1960ల చివర్లో మొదలుపెట్టిన ప్రయోగాలవి. ఇప్పుడు తినకుండా ఆగితే తర్వాత ఇంకా మంచిది ఇస్తామని చిన్నపిల్లలకు చెప్పి, ఎంతసేపు ఆగగలరో చూశారు. మోటివేషన్ వీడియోల్లో దీన్ని విల్‌పవర్ కథగా చెబుతారు. అదే పరిశోధనలో 1970లో బయటపడిన ఒక సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. తినేది కళ్లముందు ఉంటే పిల్లలు ఎక్కువసేపు ఆగలేకపోయారు. కనబడకుండా పెడితే చాలా ఎక్కువసేపు ఆగారు. పిల్లలు గొప్పవాళ్లయిపోలేదు, ప్లేటు కళ్లముందు లేదు. అంతే తేడా.

మన అమ్మమ్మలకు ఈ సంగతి ఏ పరిశోధనా లేకుండానే తెలుసు. సంక్రాంతికి చేసిన అరిసెలు, సకినాలు, చేగోడీలు డబ్బాల్లో పెట్టి అటక ఎక్కించేవారు. కావాలంటే స్టూలు వేసుకోవాలి, చప్పుడు కాకుండా డబ్బా దించాలి, మూత తీయాలి. ఈలోపు సగం మోజు పోయేది.

ఇప్పుడు ఆ అటకే కిందికి దిగి మన జేబులోకి వచ్చేసింది. డెలివరీ యాప్‌లో అడ్రస్ సేవ్ అయి ఉంటుంది, పేమెంట్ సేవ్ అయి ఉంటుంది. పోయినసారి తెప్పించుకున్నది మళ్లీ తెప్పించుకోవడానికి ఒక్క ట్యాప్ చాలు. పది నిమిషాల్లో గుమ్మం ముందు ఉంటుంది. మనకై మనకు గుర్తు రాకపోతే, రాత్రి తొమ్మిదిన్నరకు అదే "ఏమైనా తింటారా?" అని నోటిఫికేషన్ పంపుతుంది. రోజంతా పనిచేసి అలసిపోయిన మనిషి ఒకవైపు, మనం ఏ టైంలో ఏం కొంటామో తెలిసిన యాప్ ఇంకోవైపు. ఇందులో ఓడిపోతే కంట్రోల్ లేదని మనిషిని తిట్టడం న్యాయమేనా?

ఫోన్‌లో ఇవి మార్చండి

మొదటిది, ఆఫర్ నోటిఫికేషన్లు ఆపండి. ఆండ్రాయిడ్ 8 నుంచి నోటిఫికేషన్లను రకాలవారీగా ఆపే వీలుంది. యాప్ ఐకాన్‌ను నొక్కి పట్టుకుని యాప్ ఇన్ఫోలోకి, అక్కడి నుంచి నోటిఫికేషన్స్‌లోకి వెళ్లండి. యాప్ ఆ రకాలను విడివిడిగా చూపిస్తే ఆర్డర్ అప్‌డేట్స్ ఉంచి, ప్రమోషన్లు ఆఫ్ చేయండి. ఐఫోన్‌లో అయితే యాప్ లోపలి సెట్టింగ్స్‌లో వెతకండి. అక్కడ లేకపోతే ఆ యాప్ నోటిఫికేషన్లు మొత్తం ఆపేయండి. ఆర్డర్ ఎక్కడుందో కావాలంటే మీరే ఓపెన్ చేసి చూసుకోవచ్చు.

రెండోది, సేవ్ చేసిన పేమెంట్లు తీసేయండి. యాప్‌ను హోమ్ స్క్రీన్ నుంచి తీసేసి, లాగౌట్ అవ్వండి. ప్రతిసారీ నంబర్ కొట్టి, ఓటీపీ కోసం ఆగి, పేమెంట్ వివరాలు మళ్లీ ఇవ్వాల్సి రావడం చిరాకే. ఆ చిరాకే ఈ కాలపు అటక.

మూడోది, రాత్రిపూట యాప్‌లకు తాళం వేయండి. ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ కింద ఫోకస్ మోడ్ ఉంటుంది. ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ కింద డౌన్‌టైమ్ ఉంటుంది. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా షెడ్యూల్ పెట్టండి. ఫోన్ కంపెనీని బట్టి మెనూ పేర్లు కొంచెం మారొచ్చు. కావాలనుకుంటే రెండు ట్యాప్‌లతో ఈ తాళం తీసేయొచ్చు, ఆ మాట దాచను. కానీ మధ్యలో ఆ స్క్రీన్ అడ్డొచ్చినప్పుడు "నాకు నిజంగా ఆకలేస్తోందా?" అని అనుకునేందుకు నాలుగు సెకన్లు దొరుకుతాయి. నాకైతే చాలా రాత్రులు ఆ నాలుగు సెకన్లే సరిపోతున్నాయి.

నాలుగోది ఇంట్లో ఉన్న డబ్బా సంగతి. దీనికి సెట్టింగ్ లేదు. పిల్లల కోసమో, చుట్టాల కోసమో ఏదో ఒకటి ఉంటూనే ఉంటుంది. తినాలనిపిస్తే చిన్న గిన్నెలో వేసుకుని, మూత పెట్టేసి, ఫోన్ పక్కన పడేసి తినండి. రీల్స్ చూస్తూ తింటే ఎంత తిన్నామో చేతికీ తెలియదు, నోటికీ తెలియదు.

వాచ్ ఉన్నవాళ్లు నిద్ర లెక్క చూసుకోండి

ఇప్పటికే వాచ్ కొన్నవాళ్లు క్యాలరీలు వదిలేసి నిద్ర గంటలు చూడండి. 2004లో షికాగో యూనివర్సిటీలో 12 మంది యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. పది గంటలు పడుకున్నప్పటితో పోలిస్తే వాళ్లకు ఆకలి 24 శాతం పెరిగింది, ఆకలి పుట్టించే హార్మోన్ కూడా పెరిగింది. ఒంటిగంట దాకా మేలుకుని మర్నాడు సాయంత్రం సమోసాల ముందు విల్‌పవర్ వెతుక్కుంటే దొరకదు.

ఒక జాగ్రత్త. ఎంత తింటున్నారో తెలియనంతగా తినేసి, తర్వాత కుమిలిపోవడం తరచూ జరుగుతుంటే అది సెట్టింగ్స్‌తో పోయేది కాదు. డాక్టర్‌ను కలవండి. షుగర్ ఉన్నవాళ్లు కూడా తిండిలో మార్పులు డాక్టర్‌ను అడిగే చేయాలి.

మరి వాచ్ కొనాలా వద్దా? నడకకు, నిద్రకు అయితే కొనండి, బడ్జెట్ బ్యాండ్ చాలు. చిరుతిళ్లు మానడానికి మాత్రం వద్దు. ముందు పైన చెప్పిన మార్పులు చేసి రెండు వారాలు ఆగండి. తర్వాత డెలివరీ యాప్‌లో ఆర్డర్ హిస్టరీ తెరిచి, రాత్రి తొమ్మిది దాటాక వచ్చిన ఆర్డర్లు ఎన్నో లెక్కపెట్టండి. అంతకుముందు రెండు వారాలతో పోల్చుకోండి. ఈ లెక్క ఏ వాచ్‌లోనూ దొరకదు. మీ ఫోన్‌లో ఇప్పటికే ఉంది, ఫ్రీగా.