ఖాళీ వేరు, సున్నా వేరు

స్కూటర్‌కు పోసే పెట్రోలు లెక్కను ఎక్సెల్‌లో రాసుకునేవారు చాలామందే. ‘ఎ’ నిలువు వరుసలో నెల, ‘బి’లో తిరిగిన కిలోమీటర్లు, ‘సి’లో పోసిన లీటర్లు వేస్తారు. ‘డి’లో =బి2/సి2 అనే ఫార్ములా ఇచ్చి పన్నెండు నెలలకూ కిందికి లాగితే మైలేజీ సిద్ధం. చిక్కల్లా ఇంకా రాని నెలలతోనే. వాటి ఎదురుగా #డివ్/0! అనే గుర్తు బారులు తీరుతుంది. ఖాళీ గడిని ఎక్సెల్ సున్నాగా తీసుకుంటుంది, సున్నాతో భాగించడం కుదరదు. అందుకే ఆ గుర్తు. అడుగున సగటు కట్టబోతే అక్కడా అదే ప్రత్యక్షమవుతుంది.

దీనికి విరుగుడు ‘ఇఫ్’ ఫార్ములా. డి2 గడిలో =ఇఫ్(సి2="","",బి2/సి2) అని ఇచ్చి కిందికి లాగాలి (టైప్ చేసేది ఇంగ్లిష్ అక్షరాల్లోనే). లీటర్ల గడి ఖాళీగా ఉంటే ఇదీ ఖాళీగా ఉండాలి, లేకపోతే భాగించాలి అని దీని అర్థం. పక్కపక్కనే ఉన్న రెండు కొటేషన్ గుర్తులే ‘ఖాళీ’ అన్నమాట.

కొందరు ఆ గుర్తుల బదులు 0 వేస్తారు. చూడ్డానికి బాగానే ఉంటుంది కానీ లెక్క తప్పుతుంది. మూడు నెలల మైలేజీ 48, 50, 52 అనుకుందాం. సగటు 50. మిగతా తొమ్మిది నెలల్లో సున్నాలు ఉంటే, సగటు ఫార్ములా వాటినీ కలుపుకుని 150ని 12తో భాగిస్తుంది. వచ్చేది 12.5! బండి బాగానే ఉన్నా మెకానిక్ దగ్గరకు పరుగెత్తాల్సిందే. ఖాళీగా కనిపించే గడులను మాత్రం సగటు ఫార్ములా వదిలేస్తుంది.

ఎక్సెల్ 2007తో ‘ఇఫ్‌ఎర్రర్’ అనే దగ్గరి దారి కూడా వచ్చింది. =ఇఫ్‌ఎర్రర్(బి2/సి2,"") అంటే చాలు, ఏ తప్పు వచ్చినా గడి ఖాళీ అయిపోతుంది. సుఖంగానే ఉంటుంది కానీ, ప్రమాదమూ అక్కడే ఉంది. ఇంట్లో ఎవరైనా లీటర్ల గడిలో 3 అని కాకుండా ‘3 లీటర్లు’ అని వేస్తే భాగహారం జరగదు. ఇఫ్‌ఎర్రర్ దాన్నీ కప్పేస్తుంది. ఆ నెల లెక్కలోంచి జారిపోయినట్టు ఎవరికీ తెలియదు. అదే ఇఫ్ అయితే #వాల్యూ! అని చూపించి హెచ్చరిస్తుంది.

గూగుల్ షీట్స్‌లోనూ ఈ ఫార్ములాలు ఇలాగే పనిచేస్తాయి. ముందే తెలిసిన ఖాళీలను ఇఫ్‌తో సర్దుకోవాలి. అనుకోని తప్పులను మాత్రం కంటికి కనిపించనివ్వాలి. పట్టిక అందంగా ఉండటం కన్నా నిజం చెప్పడం ముఖ్యం.