తల్లికి డిశ్చార్జి, బిడ్డకు చికిత్స

జిల్లా ఆసుపత్రిలో సాధారణ కాన్పు అయితే రెండు మూడు రోజులకు, ఆపరేషన్ అయితే వారం రోజులకు బాలింతను ఇంటికి పంపుతారు. బిడ్డ నెలలు నిండకుండా పుట్టి, కిలో, కిలోన్నర బరువుతో నవజాత శిశువుల ప్రత్యేక చికిత్సా విభాగంలో ఉన్నప్పుడు కూడా చాలాచోట్ల ఈ లెక్కే వర్తిస్తుంది. తల్లి కేసు షీటు మూసేస్తారు. బిడ్డ కేసు షీటు మరో మూడు నాలుగు వారాలు, ఒక్కోసారి అంతకు మించి నడుస్తుంది. నిన్నటి వరకు రోగిగా ఉన్న స్త్రీ ఆనాటి నుంచి ఆసుపత్రి దృష్టిలో బిడ్డకు తోడుగా వచ్చిన మనిషి మాత్రమే. పేరు మీద మంచం ఉండదు, పూట భోజనం ఉండదు, రక్తపోటు చూసేవారు ఉండరు. రెండు మూడు గంటలకోసారి పాలు పిండి ఇవ్వమన్న పిలుపు మాత్రం లోపలి నుంచి వస్తూనే ఉంటుంది. కుట్లు మానని బాలింత ఆ పిలుపు కోసం వరండాలో చాప మీద ఎదురుచూసే దృశ్యం మన ప్రభుత్వ ఆసుపత్రులకు కొత్త కాదు.

గర్భంలో 37 వారాలు నిండకముందే పుట్టిన శిశువును నెలలు నిండని బిడ్డగా వైద్యశాస్త్రం పరిగణిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ తదితర సంస్థలు 2023 మే నెలలో వెలువరించిన నివేదిక ప్రకారం 2020లో ప్రపంచవ్యాప్తంగా 1 కోటి 34 లక్షల మంది శిశువులు ఇలా జన్మించారు. వారిలో సుమారు 30 లక్షల మంది, అంటే ప్రతి ఐదుగురిలో ఒకరికి పైగా, భారతదేశంలో పుట్టినవారే. మొత్తం జననాల్లో వీరి వాటాను బట్టి చూస్తే పొరుగున ఉన్న బంగ్లాదేశ్‌ది ప్రపంచంలోనే మొదటి స్థానం. అక్కడ నూటికి 16 మంది, మన దేశంలో నూటికి 13 మంది నెలలు నిండకుండానే పుడుతున్నారు. ఏడో నెల బిడ్డ బతుకుతుందని, ఎనిమిదో నెల బిడ్డ బతకడం కష్టమని మన పల్లెల్లో పెద్దలు ఇప్పటికీ అంటుంటారు. నిజం దానికి పూర్తిగా విరుద్ధం. గర్భంలో గడిచే ప్రతి వారమూ బిడ్డ ఊపిరితిత్తులకు బలమే.

ఈ బిడ్డలను కాపాడుకోవడంలో దేశం సాధించింది తక్కువేమీ కాదు. 2003లో పశ్చిమ బెంగాల్‌లోని పురులియా జిల్లా ఆసుపత్రిలో మొదలైన నవజాత శిశు విభాగం నమూనా క్రమంగా దేశమంతటికీ విస్తరించి, నేడు అటువంటి విభాగాలు 900కు పైగా పనిచేస్తున్నాయి. నెల లోపు శిశువుల మరణాలు 2014లో ప్రతి వెయ్యి జననాలకు 26 ఉండగా, 2021 నాటికి 19కి తగ్గాయని నమూనా నమోదు వ్యవస్థ గణాంకాలు తెలుపుతున్నాయి. 2030 నాటికి ఈ సంఖ్యను పది లోపునకు తేవాలన్నది 2014 సెప్టెంబరులో ప్రకటించిన జాతీయ నవజాత శిశు కార్యాచరణ ప్రణాళిక లక్ష్యం. అయితే ఈ విభాగాల రూపకల్పనలోనే ఒక భావన ఇమిడి ఉంది. రోగి అంటే బిడ్డ ఒక్కరే అన్నది ఆ భావన. వెచ్చదనమిచ్చే వార్మర్లు, కామెర్లకు వాడే దీపాలు, ఆక్సిజన్ గొట్టాలు, అన్నీ బిడ్డ కొలతకే అమరాయి. తల్లి ఎక్కడ కూర్చోవాలన్నది ఆ తర్వాత వచ్చిన ఆలోచన.

ఆ భావన సరికాదని మొదట చెప్పింది సంపన్న దేశాల పరిశోధనశాలలు కావు. 1978లో కొలంబియా రాజధాని బొగొటాలో ఇంక్యుబేటర్లు చాలక, రోగుల రద్దీ తట్టుకోలేక, డాక్టర్ ఎడ్గార్ రే సనాబ్రియా బరువు తక్కువ బిడ్డలను తల్లుల గుండెలకు నేరుగా హత్తుకునేలా కట్టించారు. అదే నేటి కంగారూ సంరక్షణ. తల్లి ఒంటి వేడి బిడ్డను కాపాడుతుంది, చనుబాలు అందుబాటులో ఉంటాయి. కాని చాలాకాలం వరకు దీనికి ఒక షరతు ఉండేది. బిడ్డ ఆరోగ్యం కుదుటపడిన తర్వాతే తల్లికి అప్పగించాలి. అప్పటిదాకా బిడ్డ యంత్రాల మధ్య, తల్లి గోడకు ఇవతల ఉండాల్సిందే.

ఆ షరతును తిరగరాసిన పరిశోధనలో మన దేశానికీ భాగముంది. ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియా దేశాల ఆసుపత్రులతో పాటు న్యూఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రిలో, ఒక కిలో నుంచి 1.8 కిలోల లోపు బరువున్న 3,211 మంది శిశువులపై అధ్యయనం జరిగింది. ఒక వర్గంలో బిడ్డ పుట్టిన వెంటనే కంగారూ సంరక్షణ మొదలుపెట్టారు, రోజుకు దాదాపు 17 గంటలు కొనసాగించారు. రెండో వర్గంలో పాత పద్ధతినే పాటించారు. అక్కడ తొలి రోజుల్లో తల్లి స్పర్శ దక్కింది రోజుకు గంటన్నర మాత్రమే. నెల లోపు మరణాలు రెండో వర్గంలో 15.7 శాతం కాగా, మొదటి వర్గంలో 12 శాతం. అంటే నాలుగో వంతు తగ్గాయి. ఫలితం ఇంత స్పష్టంగా ఉన్నందున అధ్యయనాన్ని గడువుకు ముందే నిలిపివేశారు. 2021 మేలో ఈ వివరాలు వెలువడ్డాయి. 2022 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సిఫార్సులను మార్చి, పుట్టిన వెంటనే కంగారూ సంరక్షణ మొదలుపెట్టాలని సూచించింది.

ఈ ఫలితంలో తరచూ మరుగున పడే అంశం ఒకటుంది. రోజుకు 17 గంటలు బిడ్డను గుండెలపై ఉంచుకోవాలంటే తల్లి పక్కనే ఉండాలి. పక్కనే ఉండాలంటే ఆమెకు మంచం కావాలి. అందుకే ఆ ఆసుపత్రుల్లో చేసిన మొదటి పని కొత్త యంత్రం కొనడం కాదు. నవజాత శిశు విభాగంలోనే తల్లుల మంచాలు వేసి, తల్లికి కాన్పు అనంతర చికిత్స కూడా అక్కడే అందించడం. దీనినే తల్లీబిడ్డల సంయుక్త విభాగం అంటున్నారు. మన దేశంలోనూ కొన్ని రాష్ట్రాల్లో ఇటువంటి విభాగాలు మొదలయ్యాయి. వినడానికి సులభంగా ఉన్నా ఆచరణలో ఇది రెండు సామ్రాజ్యాలను కలపడం వంటిది. తల్లి ప్రసూతి వైద్యుల పరిధి, బిడ్డ పిల్లల వైద్యుల పరిధి. వార్డులు వేరు, రిజిస్టర్లు వేరు, నర్సుల శిక్షణ వేరు. ఒకే గదిలో ఇద్దరు రోగులుంటే రాత్రి రెండు గంటలకు తల్లికి రక్తస్రావం మొదలైతే ఎవరు చూడాలన్న ప్రశ్నకు ముందే జవాబు రాసి ఉండాలి.

ఆ ప్రశ్న ఊహాజనితం కాదు. నెలలు నిండకుండా కాన్పు కావడానికి తల్లి అనారోగ్యమే చాలాసార్లు కారణం. అధిక రక్తపోటు, గుర్రపువాతం, ఇన్ఫెక్షన్లు, తీవ్ర రక్తహీనత వంటివి కాన్పుతోనే అంతం కావు. గుర్రపువాతం మూర్ఛలు ప్రసవం తర్వాత కూడా రావచ్చు. బిడ్డ బతుకుతుందో లేదో తెలియని స్థితిలో తల్లుల్లో మానసిక కుంగుబాటు మామూలు కాన్పుల్లో కన్నా ఎక్కువ. అంటే బాలింతలందరిలో అతి జాగ్రత్తగా చూడవలసిన తల్లినే మనం అందరికన్నా ముందు రోగుల జాబితా నుంచి తొలగిస్తున్నాం. గ్రామంలో ఆశా కార్యకర్త మూడో రోజు, ఏడో రోజు ఇంటికి వచ్చి చూసే ఏర్పాటు ఉంది. కాని ఆమె వచ్చేసరికి ఈ తల్లి ఇంట్లో ఉండదు. ఆసుపత్రిలో ఉన్నా ఆసుపత్రి రోగి కాదు. 30 వారాలకే పుట్టిన బిడ్డ ఇంటికి చేరేసరికి 42 రోజుల బాలింతకాలంలో అధిక భాగం ఇలాగే గడిచిపోతుంది.

ఇక భోజనం సంగతి. 2011 జూన్ 1న మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పును ఉచితం చేసింది. జబ్బుపడిన నవజాత శిశువుకు 30 రోజుల వరకు ఉచిత చికిత్స ఇచ్చి, తర్వాత దానిని ఏడాది వరకు పొడిగించింది. తల్లికి ఉచిత ఆహారం మాత్రం సాధారణ కాన్పుకు మూడు రోజులు, ఆపరేషన్‌కు ఏడు రోజులు అన్నది ఆ పథకంలోని లెక్క. బిడ్డ హక్కు ఏడాదికి పెరిగినప్పుడు ఈ లెక్కను కదిలించవలసింది. రోజుకు ఎనిమిది సార్లు పాలు పిండాల్సిన తల్లి కడుపు నింపడం దానధర్మం కాదు, బిడ్డ చికిత్సలో భాగం. ఆ ఖర్చు ఒక్క వార్మరు నిర్వహణ ముందు ఏపాటిది?

తెలుగు రాష్ట్రాలకు ఈ చర్చ మరింత దగ్గరిది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం సిజేరియన్ కాన్పులు దేశంలో 21.5 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం. ఆపరేషన్ అయిన తల్లి తొలి గంటల్లో బిడ్డ వార్డుకు నడిచి వెళ్లలేదు. ముర్రుపాలు అందవలసిన సమయం అదే. బిడ్డ మరో అంతస్తులోనో, మరో ఆసుపత్రిలోనో ఉంటే ఆ అవకాశం పూర్తిగా చేజారుతుంది. హైదరాబాద్ నిలోఫర్ ఆసుపత్రిలో ఉన్నటువంటి తల్లిపాల బ్యాంకులు ఆ లోటును కొంత పూడుస్తాయి. అయినా దాత పాలు రెండో ఉత్తమమే.

తల్లులను లోపలికి రానిస్తే ఇన్ఫెక్షన్లు పెరుగుతాయన్న భయం వైద్యుల్లో ఉంది, అది నిర్లక్ష్యం చేయదగినది కాదు. అయితే పై అధ్యయనంలో తల్లి చెంత ఉన్న బిడ్డల్లో ఇన్ఫెక్షన్ అనుమానిత కేసులు తక్కువగానే నమోదయ్యాయి. చేతులు కడగడం మొదలు ప్రమాద సంకేతాలు గుర్తించడం వరకు తల్లిదండ్రులకు నేర్పి వారిని లోపలికి అనుమతించాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2017లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. స్థలం కొరత, నర్సుల కొరత మాత్రం వాస్తవమైన అడ్డంకులు. పాత భవనంలో పన్నెండు వార్మర్ల గదికి పన్నెండు మంచాలు చేర్చడం కుదరదు. కనుక కొత్తగా కట్టే మాతా శిశు ఆసుపత్రుల నక్షాల్లోనే ఈ మార్పు రావాలి. పాత చోట్ల కనీసం పక్క గదినైనా తల్లులకు కేటాయించి, వారి పేర్లు రోగుల రిజిస్టరులో కొనసాగించవచ్చు.

ఉద్యోగం చేసే తల్లుల విషయంలో మరో చిక్కుంది. 2017 సవరణతో 26 వారాలకు పెరిగిన ప్రసూతి సెలవులో పెద్ద భాగం బిడ్డ ఆసుపత్రిలో ఉండగానే కరిగిపోతుంది. నెలలు నిండని కాన్పు వల్ల తల్లి అనారోగ్యం పాలైతే మరో నెల వేతనంతో కూడిన సెలవుకు 1961 నాటి చట్టం వీలు కల్పించింది. కాని అది తల్లి అనారోగ్యానికే తప్ప, బిడ్డ ఆసుపత్రిలో ఉన్న కాలానికి కాదు. బ్రిటన్ 2025 ఏప్రిల్ నుంచి ఇటువంటి తల్లిదండ్రులిద్దరికీ గరిష్ఠంగా 12 వారాల అదనపు సెలవు అమలు చేస్తోంది. మన దేశంలో వ్యవసాయ కూలీలకు, ఇళ్లలో పనిచేసే స్త్రీలకు అసలు సెలవన్న మాటే లేదు. వారికి ఆసుపత్రిలో గడిపే ప్రతి రోజూ పోగొట్టుకున్న కూలీయే. ఇంటి దగ్గర మరో బిడ్డ ఉంటే, చాలామంది పదో రోజుకే ఊరికి తిరిగి వెళ్లిపోతారు. కంగారూ సంరక్షణ ఆనాటితో ఆగిపోతుంది.