షాడో చదివితే చెడిపోతామా?

మన గ్రూపులో మెటీరియల్ పీడీఎఫ్‌లు రోజూ వస్తాయి, మంచిదే. మొన్న ఒక తమ్ముడు మధుబాబు షాడో నవల ఏదైనా ఉందా అని అడిగితే మాత్రం "టైం వేస్ట్, గ్రూప్స్‌కి చదువుకో" అన్నారు. నేను దీనికి ఒప్పుకోను.

మా ఇంట్లో కాలేజీ దాకా వచ్చింది నేనే మొదలు. మా ఇంట్లో పుస్తకం అంటే రేషన్ కార్డే. పాఠం రెండు పేజీలు చదివితే నిద్రపోయే నాకు 200 పేజీలు కదలకుండా చదవడం నేర్పింది షాడోనే. తర్వాత యండమూరి వీరేంద్రనాథ్. 'విజయానికి ఐదు మెట్లు' చదవమని మీరే చెప్తారు కదా, 'తులసిదళం' రాసింది కూడా ఆయనే! 1983లో చిరంజీవి సినిమాగా వచ్చిన 'అభిలాష' కూడా ఆయన నవలే. అది చదివి, ఉరిశిక్ష ఉండాలా వద్దా అని మా రూములో రాత్రి పన్నెండు దాకా కొట్లాడుకున్నాం. ఏ గైడూ మా చేత ఆ పని చేయించలేదు.

నా బాధ వేరే ఉంది. ఈ నవలల్లో మనోళ్లు ఏరీ? నేను చదివినవాటిలో చేతబడి చేసేవాడుగానో, అడవిలో దారి చూపించేవాడుగానో వచ్చి పోతారు, అంతే. కొమ్మూరి సాంబశివరావు రాసిన డిటెక్టివ్ యుగంధర్ చిన్న ఆధారం పట్టుకుని కేసు తేలిస్తే అబ్బా అనుకుంటాం. మా యానాది తాత బొక్క దగ్గర మట్టి చూసి లోపల ఎలుక ఉందో, పాముందో చెప్తాడు. అది డిటెక్టివ్ పని కాదా? ఆ తాతను హీరోగా పెట్టి రాయాల్సింది మనమే. చదవనిస్తేనే కదా రాసేది.

ఆ తమ్ముడికి: నా దగ్గర షాడోలు నాలుగున్నాయి, సత్యవేడు హాస్టల్‌కి వస్తే ఇస్తా. అట్టలు ఊడిపోయాయి గానీ చివరి పేజీలు ఉన్నాయి.